బిగవట్టు

వజ్రమ్మ నడక మారిందన్న సంగతి ముందుగాల ఊరోళ్లకు తెల్సింది గని వజ్రమ్మకు తెల్వలే. ఎవల నడక వాళ్లకు ఏం గనవడ్తది? మొగులయ్య ఇల్లు షామీర్‌పేట దాటినంక, మేడ్చల్ దిక్కు పొయ్యే రోడ్డు మీద ఒంటిగ ఉంటది. పక్కపొంటి ఇంకో ఇల్లు లేదు. ఒకనాడు మిట్టమధ్యాన్నం వజ్రమ్మ బిందె సంకల వెట్టుకొని బోరింగు కాడికి పోతుంటే, మేకలు మలుపుకుంట వస్తున్న ముసలామె ఎన్కకెల్లి జూసి ఆడనే నిలవడ్డది. "ఓ బాలనర్సా! మల్లొచ్చినవా బిడ్డా?" అని పిలిచింది.

బాలనర్సమ్మ సచ్చిపోయి అప్పటికి నాలుగేండ్లయింది.

బాలనర్సమ్మ అంటే మొగులయ్య మొదటి పెండ్లాం. తొలి కాన్పుకు ఆటోల దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వల రైలుగేటు వడ్డది. గూడ్సుబండి రాను రాను అన్నది. గేటు లేసేటాల్లకు ఆటోల తల్లీ లేదు, కడుపుల పిల్లా లేదు. అత్త యాదవ్వ చెయ్యి వట్టుకొని పక్కనే కూసున్నదట. అటెన్క రెండేండ్లకు దూలపల్లికెల్లి వజ్రమ్మను చేస్కొచ్చిన్రు.

రెండో సంబంధం మీద వచ్చినామెకు మెడల సవతి బిళ్ల ఏస్తరు. పావలా అంత ఎండి బిళ్ల, దాని మీద ఆడమనిషి బొమ్మ. "అక్కా, ముందు నువ్వు, నీ తర్వాతనే నేను" అని సచ్చినామెకు ఒప్పుకున్నట్టు. కొత్త చీరె దెస్తే ముందుగాల బిళ్లకు తాకిచ్చి కట్టాలె. పండుగనాడు ఓలిగ జేస్తే తొలి తునక బిళ్లకు జూపిచ్చి తినాలె. వజ్రమ్మ ఇయ్యన్నీ తప్పకుంట చేసింది. ఒక్కనాడు మర్సిపోలే. అసొంటిది, ఎడమ కాలు జెర ఈడ్చుకుంట, తుంటి మీద చెయ్యి వెట్టుకొని, అచ్చం బాలనర్సమ్మ నడిచినట్టు నడుస్తున్నదంటే ఏమనుకోవాలె?

గజ్జల సూదివెట్టి పొడిచినట్టు నొప్పి. తుంటెముక మీద పండుకోరాదు, కింద గూసుంటే లేవరాదు. దాని మీద ఐదో నెల కడుపు. బాలనర్సమ్మకు గూడ కడుపుతోని ఉన్నప్పుడే గీ నొప్పి ఎక్కువైందని మేకల ముసలామె నోరు ఊకోక చెప్పింది. ఇగ జూడు, వజ్రమ్మ పానం ఆగమాగం. అక్క ఊకె పోలేదు, నన్ను గూడ తోల్కపోతది, నా కడుపుల దాన్ని గూడ తోల్కపోతది. రాత్రిపగలు అదే బుగులు.

ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలె. ఇంటి ముంగట రోడ్డు. రోడ్డవతల లారీలు బాగుజేసే షెడ్డు, దాని పక్కన చాయ్ డబ్బా. పొద్దుగాలకెల్లి మాపటిదాంక మొగోళ్లు పనున్నా లేకున్నా ఆడనే. ఇంటెన్క ఒకప్పుడు తుమ్మచెట్లు గుబురుగ ఉండేటియట. సిటీ సేట్లు ఆ జాగ గొని, చెట్లన్నీ కొట్టేసి, ప్లాట్లని తెల్ల రాళ్లు పాతిన్రు. ఇప్పుడు కోడి గూసున్నా రోడ్డు మీదికి కనవడ్తది. ఆడోళ్లు ఒంటికి పోవాలన్నా, రెంటికి పోవాలన్నా ఆ ప్లాట్లన్నీ దాటి గుట్ట రాళ్ల సాటుకు పోవాలె. అదీ తెల్లారకముందు, లేకుంటే పొద్దుగూకినంక. నడుమ పొద్దంత? పొద్దంత ఏమున్నది, ఆపుకునుడే. మొగోళ్లు మాత్రం గోడ కనవడ్తె సాలు, నిలవడ్తరు. వాళ్లకేం సిగ్గు!

పెండ్లై వచ్చిన తెల్లారే వజ్రమ్మ ఆగలేక అత్త సెవుల జెప్పింది. యాదవ్వ రోడ్డు దిక్కు జూసి, "గిప్పుడా? అగో, గంతమంది గూసున్నరు. బిగవట్టుకో పిల్లా, పొద్దుగూకనియ్" అన్నది. యాదవ్వ చెడ్డది కాదు. ఉన్న ముద్దల పెద్ద ముద్ద కోడలికే ఏస్తది. గని ఆ మాట మాత్రం నోట్లె పట్కొనే ఉంటది. ఎండకాలం సల్ల తాగబోతే "తక్కువ తాగు, మల్ల బిగవట్టలేవు" అంటది. సుట్టాలొస్తే బిగవట్టుకో, బస్సుల గూసుంటే బిగవట్టుకో. ఏండ్లసంది ఎవ్వలైనా గట్లనే బతికిన్రు, దాన్ని ఒక కష్టమని ఎవలనుకున్నరు?

మొగులయ్య జీడిమెట్లల డ్రమ్ములు మోసే పనికి పోతడు. "ఇంటెన్క నాలుగు రేకులు అడ్డం బెట్టరాదయ్యా" అని వజ్రమ్మ అడిగితే, "రోడ్డు ఎడల్పు జేస్తరట, అన్నీ కూలగొడ్తరట, అప్పుడు జూద్దాం" అన్నడు. ఆయన జూసేది లేదు, వాళ్లు కూలగొట్టేది లేదు.

ఇగ ఆ మాపు సంగతి. పొద్దుగూకి మసక మసకైంది. వజ్రమ్మ చెంబు వట్టుకొని, కాలీడ్చుకుంట గుట్ట కాడికి పోయింది. దూలపల్లిల ఉన్నప్పుడు ఎన్నడు ఒక్కతే పోయేది కాదు. తోడవుట్టిన అక్క తోడొస్తుండె. ఈమె గూసుంటే అక్క మొఖం అటు మలుపుకొని కావలి నిలవడేది, అక్క గూసుంటే ఈమె. గీడ ఎవలున్నరు? అత్తకు అంత దూరం కాళ్లు సాగయి, మందంత పండుకున్నంక ఇంటెన్కనే కూసుంటది. రాయి సాటుకు గూసోని తలెత్తి జూస్తే, జెర దూరంల ఇంకో రాయి పక్కన ఒక ఆడమనిషి నిలవడ్డది. పచ్చ చీరె. ఈపు ఇటు వెట్టింది. కొంగు గాలికి ఊగుతలేదు.

"ఎవలు? ఎవలమ్మా అది?" అన్నది వజ్రమ్మ. ఆమె పలుకలే, తిరుగలే. వజ్రమ్మకు వచ్చింది వచ్చినట్టే లోపట ఆగిపోయింది. చెంబు ఆడనే ఇడిసి, నొప్పి కాలును రెండు చేతుల్తోని పట్కొని ఇల్లు జేరింది.

యాదవ్వ కుంపటి కాడ గూసోని ఉన్నది. అంత ఇన్నది. "ఏం రంగు చీరె?" అని ఒక్కటే అడిగింది.

"పచ్చదత్తా."

ఆటో ఎక్కిననాడు బాలనర్సమ్మ కట్టుకున్నది ఒడినింపిన పచ్చచీరె. ఆ సంగతి వజ్రమ్మకు ఎవ్వలూ చెప్పలే. అత్త అప్పుడే చెప్పింది, చెప్పి ఏడ్సింది.

తెల్లారి తాయెత్తులు గట్టే ఆయన దగ్గరికి తీస్కపోయింది. ఆయన అంత ఇని గడ్డం దువ్వుకొని, "ఈపు వెట్టినంతసేపు భయం లేదు. ఎన్నడైతే మొఖం జూపిస్తదో, ఆనాడు తోల్కపోను వచ్చినట్టు. ఆమె తిరుగకముందే నువ్వు లేసి రావాలె" అన్నడు. చేతికి నల్లదారం గట్టిండు. ఇగ అప్పట్నుంచి వజ్రమ్మకు గుట్టంటేనే వణుకు. పోతే ఆమె ఉంటది. ఒకనాడు దగ్గర, ఒకనాడు దూరం, ఎప్పుడూ ఈపే. వజ్రమ్మ కూసున్నట్టు చేసి, సగం కాకముందే లేసొస్తది. రోజురోజుకు లోపట ఏదో ముడి వడ్డట్టు, ఎవలో చేత్తోని గుప్పిట వట్టినట్టు. కాలు ఇంక మోపరాదు. దగ్గితే చీరె తడుస్తది, ఆ సిగ్గు ఎవలికి జెప్పుకోవాలె?

ఏడో నెలల మొగులయ్యకే పరేషానైంది. మేడ్చల్ దిక్కున్న మిషన్ దవాఖానకు తీస్కపోయిండు. కాన్పుల డాక్టరమ్మ జూసి, కడుపుల పిల్ల మంచిగనే ఉన్నది, తుంటి నొప్పికి షైని మేడమ్‌ను కలువమన్నది. షైని అంటే కాళ్లు చేతుల ఎక్సర్‌సైజులు చేపిచ్చే మేడమ్. సిన్న వయసు, మెడల సిల్వ, నవ్వు మొఖం. తొలుత మొగులయ్యను బయట గూసోవెట్టి, వజ్రమ్మను మెల్లగ అడిగింది.

"అక్కా, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు చుక్క పడుతదా? సిగ్గుపడకు."

వజ్రమ్మ తల కిందికేసి ఊపింది.

"అయితే కింద కండరాలు వదులైనట్టున్నయి. రోజూ ఒక పని జెయ్. ఒంటికొస్తే ఆపుకుంటం జూడు, గట్ల లోపటికి గుంజి బిగవట్టు."

వజ్రమ్మ తలెత్తి మేడమ్ దిక్కు జూసింది. ఊరు గానిది, ఇల్లు గానిది, సిల్వ ఏస్కున్న పిల్ల, దీని నోట్లెకెల్లి గూడ గదే మాటనా? ఇది మేడమ్ జెప్తున్నదా, లోపలున్నామె చెప్పిస్తున్నదా? తల ఊపి వచ్చింది. ఇంటికొచ్చి బుద్ధిగ చేసింది. పిండి పిసుక్కుంట బిగవట్టింది, పండుకొని బిగవట్టింది. బిడ్డ బతుకుతదంటే ఏం జెయ్యమన్నా చేస్తది. నెల తిరుగకముందే గోడ వట్టుకోకుంట నిలవడరాకుండ అయింది.

రెండోసారి అత్త గూడ తోడొచ్చింది. షైని మేడమ్ ఆమెను జూసి నవ్వు బంద్ జేసింది. బల్ల మీద పండవెట్టి, పరదా గుంజి, చేతికి తొడుగేసుకొని, చెప్పి, అడిగి, పరీక్ష జేసింది. అప్పుడు, "అక్కా, ఇప్పుడు ఇడువు" అన్నది.

"ఇడిశిన మేడమ్."

"లేదక్కా, ఇడువలే. ఇంకా ఇడువు."

"ఇడిశిన, ఒట్టు. నేనేం బిగవడ్తలేను."

"బిగవట్టే ఉన్నవ్" అన్నది షైని. "రాయి లెక్క ఉన్నది."

నేను వడ్తలేనంటే, మరి లోపట పట్టింది ఎవలు? పరదా అవతల గూసున్న యాదవ్వకు గూడ ఆ మాట ఇనవడ్డది. "బాలనర్సా..." అని మెల్లగ అనుడు వజ్రమ్మ ఇన్నది.

షైని చేతులు కడుక్కొని వచ్చి కుర్చీ దగ్గరికి గుంజుకున్నది. "తప్పు నాదక్కా. చుక్క పడుతుందంటే వదులైందనుకున్న. చెయ్యి వెట్టి జూడకుండ చెప్పిన. రెండు తుంటెముకల నడుమ, చీరెతోని తొట్టెల గట్టినట్టు కండరాలుంటయి. పేగులు, గర్భసంచి, ఒంటి సంచి, అన్నీ అందులనే పండుకుంటయి. ఆ తొట్టెలను నువ్వు పొద్దంత ఎక్కిచ్చి గట్టినవ్. ఏండ్లసంది ఇప్పనే లేదు. దానికి అంటుకొని ఉన్న తుంటి కండరం గుంజుక గుంజుక నొస్తున్నది. పొద్దంత బిందె మోసిన చెయ్యి మాపటికి చెంబు గూడ జారిడుస్తది సూడు, గట్ల అది అలిసిపోయి చుక్క ఇడుస్తున్నది. నీకు బిగవట్టుడు గాదు, ఇడుసుడు రావాలె."

"ఎప్పట్నుంచి ఆపుకుంటున్నవ్?" అని అడిగితే వజ్రమ్మ చెప్పకముందే యాదవ్వ చెప్పింది, "మా ఇంట్ల అందరం గంతే బిడ్డా." లేసి నిలవడేటప్పుడు యాదవ్వ తుంటి మీద చెయ్యి వెట్టుకున్నది, ఎడమ కాలు ఈడ్చింది. షైని ఆ కాలునే జూసింది.

"అవ్వా, నీకు గూడ నొప్పేనా? ఎప్పట్నుంచి?"

"మొగులయ్య పుట్టకముందుకెల్లి. ముసలిదాన్ని, ఉండదా?"

ముగ్గురి నడక ఒకటే. సచ్చినామెది, బతికినామెది, ముసలామెది. వజ్రమ్మ చీరె గట్టుకొని, ఆగలేక, పచ్చచీరె సంగతి గూడ మేడమ్‌కు చెప్పేసింది. షైని నవ్వలే. "ఆమె సంగతి నాకు తెల్వదక్కా. ఏసుప్రభువుకెరుక. నీ లోపటున్నది మాత్రం నీ కండరమే. నువ్వు ఇడిస్తెనే ఇడుస్తది. కాన్పునాడు గిట్లనే బిగవడితే బిడ్డ తొవ్వకు అడ్డం అదే" అన్నది. పొత్తికడుపు దాంక ఊపిరి తీసి, దవడ ఇడిసి, భుజాలు ఇడిసి, పువ్వు ఇచ్చుకున్నట్టు కింద ఇడువుమని చెయ్యి పట్కొని నేర్పింది. బయటున్న మొగులయ్యను పిలిచి పదిమందిల తిట్టింది గూడ. ఆయన "లెట్రిన్ గుంత తవ్విస్త మేడమ్" అన్నడు. తవ్విచ్చిననాడు జూద్దాం.

ఇంట్ల తలుపేసుకొని చేస్తే జెర జెర ఇడిశేది. నొప్పి గూడ సగమైంది. గుట్ట కాడ మాత్రం, ఆ ఈపు కనవడంగనే అంతా మల్ల ముడుసుకునేది.

నెలలు నిండినయి. ఒక పొద్దుగాల తొమ్మిది కొట్టంగ నొప్పులు మొదలైనయి. మొగులయ్య పనికి పోయిండు. షెడ్డు కాడి ఆటో దొరికింది. యాదవ్వ కోడల్ని ఎక్కిచ్చి పక్కన గూసున్నది. నొప్పులు జల్దీ జల్దీ ఎక్కినయి. ఎండ ఎక్కింది. తొవ్వల ముంగటి లారీ ఆగింది, దాని ఎన్క ఆటో ఆగింది. యాదవ్వ తల బయటికి వెట్టి జూసింది.

రైలుగేటు. వడి ఉన్నది.

ఎన్క బస్సు ఆగింది. బండ్లోళ్లు, లారీల మీద కూలోళ్లు, అందరూ మొగోళ్లే, ఏందేందని ఆటో దిక్కు మెడలు సాపిన్రు. వజ్రమ్మకు లోపటికెల్లి పెద్ద బరువు కిందికి తోసింది. తెల్సిపోయింది, ఇగ ఆగదు. గంత మంది ముంగట, పట్టపగలు, చీరె పైకి లేపుడా? ఆమె దవడలు బిగవట్టింది, కాళ్లు బిగవట్టింది, తొట్టెలంత ఎక్కిచ్చి కట్టింది. కండ్లు బైర్లు గమ్మినయి. లోపట బిడ్డ కొట్టుకున్నది, అటెన్క కొట్టుకుంట లేదు.

యాదవ్వ కోడలి చెయ్యి గట్టిగ వట్టుకొని, "బిగవట్టుకో బిడ్డా, గేటు లేస్తది, జెరసేపు బిగవట్టుకో" అన్నది.

అని ఆగింది. తన మాట తనకే ఇనవడ్డట్టు నోటి మీద చెయ్యి వెట్టుకున్నది.

వజ్రమ్మ కండ్లు తెరిచింది. ఆటో పక్కన, చెయ్యి సాపితే అందేంత దగ్గర, పచ్చచీరె నిలవడ్డది. ఎన్నడు గంత దగ్గరికి రాలే. ఇగ తిరుగుతది, మొఖం జూపిస్తది, అయిపోయింది అనుకున్నది. ఆమె తిరుగలే. ఈపు వజ్రమ్మకు, మొఖం లారీల దిక్కు. రెండు చేతుల్తోని కొంగు ఎడల్పుగ పట్టి నిలవడ్డది. ఆ ఈపు అవతల ఒక్క మొగోని మొఖం కనవడ్తలేదు.

దూలపల్లిల అక్క గట్లనే నిలవడేది గదా!

అయ్యో, తాయెత్తులాయనకేం తెల్సు, మొగోడు! ఆడది ఆడదానికి ఈపు వెట్టి ఎప్పుడు నిలవడ్తదో వానికేం తెల్సు? గుట్ట కాడ ఒక్కదాన్ని గూసుంటే, ఈ అక్క పొద్దుగాల మాపు వచ్చి నాకు కావలి గాసింది. నేను ఆమెను జూసి భయపడి బిగవట్టిన. వజ్రమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. దవడ ఇడిశింది, భుజాలు ఇడిశింది.

పక్కన యాదవ్వ గూడ అటే జూస్తున్నది. ఏం జూసిందో, ఎవలతోని అన్నదో. "ఇడిశిపెట్టు బాలనర్సా" అన్నది. "ఇడిశిపెట్టు బిడ్డా. ఎవలు జూస్తే ఏమాయె. నేను ఆనాడు గీ మాట అనలేకపోతి. ఇడిశిపెట్టు."

వజ్రమ్మ ఇడిశింది.

గూడ్సుబండి ధడధడ పోతుంటే ఆ సప్పుట్ల బిడ్డ ఏడ్సింది యాదవ్వకు తప్ప ఎవలకూ ఇనవడలే. ఆడపిల్ల. కొంగుల ఎత్తుకొని, ఈపు రుద్ది, నోట్లె ఏలు వెట్టి తుడిసి, ముసలామె గేటు లేసిన సంగతి గూడ మర్సిపోయింది. ఎన్కనున్న బస్సు హారన్ మీద హారన్ గొట్టింది.

తెల్లారి దవాఖానల వజ్రమ్మ మంచం మీద పిల్లకు పాలిస్తున్నది. సవతి బిళ్ల పిల్ల చెంపకు తాకుతుంటే ఎన్కకు ఏస్కున్నది. యాదవ్వ కింద గూసోని కాలు మీద కాలు ఏస్కొని ఇటు జరుగుతున్నది, అటు జరుగుతున్నది. నిన్నటికెల్లి ఆమె లేసి బయటికి పోయింది లేదు.

"అత్తా, పోయి రారాదు? అగో, గదే తలుపు. లోపట గొళ్లెం ఉన్నది."

"గిప్పుడా? పట్టపగలు? మందంత తిరుగుతున్నరు. పొద్దుగూకనియ్ పిల్లా."

"పో అత్తా" అన్నది వజ్రమ్మ. ఎన్నడు అత్తను గట్ల గద్దిచ్చి ఎరుగదు.

యాదవ్వ గోడ వట్టుకొని లేసి, కాలీడ్చుకుంట పోయి తలుపేసుకున్నది. గొళ్లెం వడ్డ సప్పుడైంది. చానాసేపు ఇంకేం సప్పుడు లేదు. అటెన్క లోపటికెల్లి సన్నగ పిలిచింది, "వజ్రా, బయట ఎవలన్న ఉన్నరానే?"

వజ్రమ్మ తలుపు దిక్కు జూసింది.

"ఉన్నరత్తా" అన్నది. "కావలున్నరు. నువ్వు నిమ్మలంగ కూసో."

జెరసేపటికి లోపట సప్పుడైంది, దాంతోనే ఏడుపు గూడ ఇనవడ్డది. యాదవ్వ చానాసేపు బయటికి రాలే. తలుపు ముంగట పచ్చచీరె గూడ అప్పటిదాంక కదలలే.